దారిచ్చిన సముద్రం

ఆ దీవికి వచ్చిన దగ్గర నుంచీ చిన్న మనవరాలు అమ్మమ్మ చంక దిగలేదు. అలలంటే ఆ పిల్లకు హడల్.

"నీళ్లు తగిలితే కరిగిపోతావా, ఉప్పు బస్తా" అని పిల్ల వాళ్లన్న వెక్కిరించాడు.

"కాలైనా తడపకుండానే ఇంటికెళ్తుందేమోనమ్మా" అని పిల్ల తల్లి దిగులుపడింది.

తిరుగు ప్రయాణం రోజు పొద్దున్నే తలుపు తీస్తే, గుమ్మం ముందుండాల్సిన సముద్రం లేదు. ఆటు వేళకు నీళ్లు కనుచూపు మేర వెనక్కి వెళ్లిపోయాయి. సముద్రపు అడుగంతా బయటపడి, గుంటల్లో వేలెడేసి నీలి చేపలు మెరుస్తున్నాయి. అంతటి సముద్రం ఈ గుప్పెడు పిల్లకు దారిచ్చి తప్పుకున్నట్టుంటే అమ్మమ్మ పిల్లను చంకనేసుకుని గుంటల దాకా నడిచింది.

చంటిది తనే చంకలోంచి జారి, ఓ గుంటలో కాళ్లు పెట్టింది. చేపలు పాదాల చుట్టూ తిరిగాయి.

"కరుస్తాయా అమ్మమ్మా?"

"నన్నడుగుతావేమే, నేను మాత్రం ఎప్పుడు చూశానని" అంటూ అమ్మమ్మ కుచ్చెళ్లు ఎగదోపి పక్కనే దిగింది.