చెల్లెలి వెనక

చెల్లెలు పని నుంచి రాగానే అమ్మ దాన్ని గుమ్మంలోనే ఆపి, "ఏదీ, నోరు తెరువు" అనేది. అది చెప్పులు కూడా విప్పకుండా నోరు తెరిచేది. అమ్మ ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసేది. ఏమీ తేలేది కాదు. "సరే, పో" అనేది. ఆ సరేలో సరే అన్నది ఏ కోశానా ఉండేది కాదు.

"రేపట్నించి నాలిక కూడా ఎత్తించి చూడవే, కింద బన్ను దాచుకుందేమో" అనేవాడు నాన్న పేపరు వెనక నుంచి.

"మీకన్నీ నవ్వులాటలే. దాని అంకె చూశారా?"

అంకె అంటే రక్తపరీక్షలో వచ్చేది. చెల్లెలికి సీలియాక్ జబ్బని రెండేళ్ళ కిందట తేలింది. గోధుమలో, బార్లీలో గ్లూటెన్ అని ఒక పదార్థం ఉంటుంది. అది రవ్వంత లోపలికి పోయినా దీని పేగు లోపలి పొర దెబ్బతింటుంది. అప్పుడిక ఎంత తిన్నా ఒంటికి పట్టదు. మందు లేదు. తినకుండా ఉండటమే మందు.

తేలిన రోజే అమ్మ ఇల్లంతా కడిగేసింది. గోధుమపిండి డబ్బా బయటికి పోయింది. జల్లెడ, చెక్క గరిటెలు కూడా పోయాయి. బ్రెడ్ అన్న మాటే ఇంట్లో వినపడకుండా పోయింది. నాన్న బిస్కెట్లు ఆఫీసులో తిని, మూతి కడుక్కుని, చొక్కా దులుపుకుని ఇంటికి వచ్చేవాడు. మొదటి ఏడాది అంకె చక్కగా దిగింది. చెల్లెలి బుగ్గలు నిండాయి. పిచ్చికలా ఏరుకు తినేది కాబట్టి చిన్నప్పుడు పడ్డ 'పిచ్చిక' పేరు ఇక మార్చాలని నాన్న అన్నాడు కూడా.

అది పనిలో చేరాక అంకె మళ్ళీ ఎక్కింది.

డాక్టరు రాసుకుంటూ తలెత్తకుండానే చెప్పాడు. "ఎక్కడో లోపలికి వెళ్తోందండీ. ఇంట్లో కాకపోతే బయట. అమ్మాయిని అడగండి." అమ్మాయి ఆయన ఎదురుగానే కూర్చుని ఉంది. వచ్చేసారి కూడా ఇలాగే ఉంటే మళ్ళీ గొంతులోంచి గొట్టం వేసి చూడాలన్నాడు.

బయటికి వచ్చాక అమ్మ దాని చెయ్యి పట్టుకుని, "నిజం చెప్పు, ఏమీ అనను" అంది.

"ఏమీ తినలేదమ్మా."

"మరి అంకె ఊరికే ఎక్కుతుందా? నిప్పు లేకుండానే పొగ వస్తుందా? చూస్తాను. ఈసారి పరీక్షలోగా తేలకపోతే పని మానిపిస్తాను. నా కళ్ళ ముందే కూర్చుంటావు."

అప్పుడు చెల్లెలి మొహం నేను చూశాను. జబ్బుతో చదువు మధ్యలో ఆగిపోయింది. స్నేహితురాళ్ళ ఇళ్ళకి వెళ్ళడం ఆగిపోయింది. పుస్తకాలు కుట్టి అట్టలు వేసే ఈ దుకాణంలో చేరాకే అది మళ్ళీ గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టింది. ఇంటికి రాగానే మేస్త్రీ ఏమన్నాడో, ఎవరు సూది విరక్కొట్టారో, ఏ పుస్తకానికి అట్ట తలకిందులుగా వేశారో అన్నీ నటించి చూపించేది. పని పోతే మళ్ళీ నాలుగు గోడలూ, అమ్మ ముక్కూ మిగులుతాయి.

నేను దాన్ని నమ్మాను. బ్యాగు దులిపే వరకు.

ఆ సాయంత్రం అమ్మ దాని బ్యాగుని పేపరు మీద తలకిందులుగా పట్టుకుని దులిపింది. దువ్వెన, రుమాలు, బస్సు టిక్కెట్లు పడ్డాయి. వాటితోపాటు గోధుమరంగు పొడి. అమ్మ వేలితో అద్ది చూసింది.

"ఇదేంటి?"

"పక్కమ్మాయి బ్యాగు నా బ్యాగు మీద పెట్టింది. దాన్లోంచి రాలుంటుంది" అంది చెల్లెలు. అంటూ చెవి తమ్మె పట్టుకుంది.

చిన్నప్పటినుంచీ అబద్ధం చెప్పేటప్పుడు దాని చెయ్యి చెవి మీదికి పోతుంది. అమ్మ పొడి వంక చూస్తోంది, చెవిని చూడలేదు. నేను చూశాను.

అది స్నానానికి వెళ్ళాక అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. "మీ దుకాణం దానికంటే ముందే కట్టేస్తారుగా. ఓ కన్నెయ్యి."

"నన్ను పోలీసుని చేస్తున్నావా?"

"అక్కని చేస్తున్నాను. అక్క పని అదే. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నువ్వు పట్టుకో."

నేను కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తాను. ఎదుటివాళ్ళకి తెలియకుండా వాళ్ళ కళ్ళని చూడటం నాకు అలవాటే. మర్నాడు మా దుకాణం మూశాక దాని దుకాణం ఉన్న వీధి చివర మందుల షాపు మెట్ల మీద నిలబడ్డాను. అది బయటికి వచ్చింది. స్నేహితురాళ్ళకి చెయ్యి ఊపింది. వాళ్ళు బస్సు వైపు తిరిగారు. ఇది తిరగలేదు. అటూ ఇటూ చూసి పక్క వీధిలోకి నడిచింది. తప్పు చేయనివాళ్ళు అలా చూడరు.

బేకరీ ముందు ఆగింది. కౌంటరు దగ్గరున్న ఆవిడ ఏం కావాలని అడగలేదు. నవ్వి, కాగితంలో ఒక బన్ను చుట్టి ఇచ్చింది. అంటే రోజూ ఉన్నదే!

చెల్లెలు బస్ స్టాండు వెనక గోడ దగ్గరికి వెళ్ళింది. నేను ఆగి ఉన్న వ్యాను చాటున నిలబడ్డాను. అది బన్నుని రెండుగా తుంచి మొహం దగ్గరికి తీసుకుంది. అరిచి ఆపాలనుకున్నాను. ఇంకో మనసు మాత్రం, తిననీ, తింటేనే తేలుతుంది అంది. చెల్లెలి విషయంలో నాకు అలాంటి మనసొకటి ఉందని అప్పుడే తెలిసింది.

అది తినలేదు. కళ్ళు మూసుకుని వాసన చూసింది. లోపలి మెత్తదనం మీద ముక్కు పెట్టి, గట్టిగా ఊపిరి పీల్చి, కాసేపు అలాగే ఉంది. ఈలోగా ఎక్కడినుంచో ఒక కుంటి కుక్క వచ్చి దాని కాళ్ళ దగ్గర కూర్చుంది. అదీ రోజూ వచ్చేదే కాబోలు. చెల్లెలు బన్నుని ముక్కలు చేసి దానికి పెట్టింది. కుళాయి దగ్గరికి వెళ్ళి మూతి, మోచేతుల దాకా చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది. కాగితం మాత్రం మడిచి బ్యాగులో పెట్టుకుంది. ఆ పొడి అదన్నమాట.

నా గుండె కుదుటపడాలి. పడలేదు. ఇవాళ వాసన చూసింది సరే, నిన్న? మొన్న? ముక్కు దాకా వచ్చిన ముద్ద నోట్లోకి పోవడానికి ఎంతసేపు? పిల్లి పాలగిన్నె ముందు కూర్చుని వాసన మాత్రమే చూశానంటే ఎవరు నమ్ముతారు?

ఇంటికి వెళ్ళగానే అమ్మ గుసగుసగా, "ఏమైనా కనపడిందా?" అంది.

"ఏమీ లేదమ్మా" అన్నాను. నా చెయ్యి చెవి దాకా పోయింది. దించుకున్నాను.

నా సెలవు రోజున గొడుగు పట్టుకుని అట్టల దుకాణానికి వెళ్ళాను. అక్కడ పెడుతున్నారేమో అన్నది కొత్త అనుమానం. నలుగురూ తింటుంటే ఒక్కతే కూర్చోలేక ఓ ముక్క నోట్లో వేసుకుంటోందేమో. లేదా ఎవరో ఆటపట్టించడానికి దాని డబ్బాలో కలుపుతున్నారేమో. నడుస్తూంటే ఒక్కో గుమ్మం దాటేసరికి ఒక్కో దొంగ తయారయ్యాడు.

పొడుగాటి గది. మూడు పెద్ద బల్లలు, గోడ పొడుగునా కాగితాల దొంతరలు. మేస్త్రీ ముక్కు మీదికి జారిన కళ్ళజోడు పైనుంచి నన్ను చూశాడు. ఆ జోడుకి ఎడమ మర ఊడిందని నాకు వెంటనే కనపడింది.

"పిచ్చికమ్మకి అక్కగారా? అదే పోలిక. రండి, కూర్చోండి."

"గొడుగు మర్చిపోయింది. ఇద్దామని."

"ఇంత ఎండలోనా!" అంది కుట్టుపని చేస్తున్న ఒకావిడ. మిగతావాళ్ళు నవ్వారు. చెల్లెలు తలెత్తి నన్ను చూసి, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ పనిలో పడింది. తొందర పనిలా ఉంది.

నేను మేస్త్రీ పక్కన స్టూలు మీద కూర్చుని, మామూలుగా అడిగినట్టు, "ఇక్కడేమైనా తింటుందాండీ?" అన్నాను.

"అమ్మో! మా టీ కూడా ముట్టదు. నీళ్ళ సీసా కూడా తనదే. మేమూ జాగ్రత్తగానే ఉంటాం. బ్రెడ్, బిస్కెట్లు అదిగో, ఆ మూల బల్ల మీదే. పిచ్చికమ్మ బల్ల నేనే తుడిపిస్తాను."

"మా మీదే అనుమానమా అక్కగారూ?" అంది కుట్టుపని ఆవిడ. "మీ చెల్లికి జబ్బని తెలిశాక నేను బిస్కెట్టు తిని దాని మీద ఊపిరి కూడా వదలను."

మళ్ళీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మరీ ఇంత మంచివాళ్ళేమిటి అనిపించింది.

ఇక మాట్లాడకుండా చూస్తూ కూర్చున్నాను. చెల్లెలి ముందు మడిచిన కాగితాల దొంతరలు వరసగా ఉన్నాయి. ఒక్కో దొంతర నుంచి ఒక్కో కాగితం తీసి, వరస తప్పకుండా పేర్చి పుస్తకం చేస్తోంది. కాగితాలు అతుక్కుపోకుండా వేలు నాలికకి అద్దుకుంటోంది. కాగితం, నాలిక. కాగితం, నాలిక. పుస్తకం పూర్తవగానే పక్కనున్న గిన్నెలోంచి కుంచెతో జిగురు తీసి మొదటి కాగితానికి రాసింది. అంచు దాటిన జిగురుని వేలితో తుడిచింది. వేలిని గుడ్డకి రాసుకుంది. మళ్ళీ దొంతరల దగ్గరికి. కాగితం, నాలిక.

"మేస్త్రీ గారూ, ఆ జిగురు ఎక్కడ కొంటారు?"

"కొనడమెందుకమ్మా, పొద్దున్నే మేమే ఉడకబెడతాం. మైదా, నీళ్ళు, కాస్త పటిక..."

ఆయన మాట అక్కడే ఆగిపోయింది. నా చూపు ఎటుందో అటు చూశాడు. చెల్లెలి వేలు మళ్ళీ నాలిక మీదికి వెళ్తోంది.

"పిచ్చికమ్మా, ఆగు!"

గదంతా ఆగింది. చెల్లెలి వేలు గాలిలోనే నిలిచింది. దాని వెనక గోడకి ఆనించి మైదా బస్తా ఉంది. బస్తా మీద చెయ్యంత గోధుమకంకి బొమ్మ.

"అది తిండి కాదు కదమ్మా," అన్నాడు మేస్త్రీ ఎవరికో సంజాయిషీ చెప్తున్నట్టు. "జిగురు. తిండని ఎవరనుకుంటారు?"

చెల్లెలు తన వేలి వంక చూసుకుంది. తర్వాత పకపకా నవ్వింది. "పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికామక్కా! పొద్దున జిగురు కలిపేది కూడా నేనే!"

వెళ్ళి చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించి వచ్చింది. వచ్చేసరికి నవ్వు లేదు. నన్ను గుమ్మం బయటికి తీసుకెళ్ళింది.

"నిజం చెప్పు, గొడుగు కోసమేనా వచ్చావు?"

"కాదు."

"అమ్మ పంపిందా?"

"అప్పుడు అమ్మ పంపింది. ఇవాళ నేనే వచ్చాను."

"అప్పుడంటే?" అంది. దానికదే అర్థమైంది. "బేకరీ దగ్గర కూడానా?"

తల ఊపాను.

"అయితే చూశావుగా, నేను తినలేదని."

"చూశాను."

"చూసి కూడా మళ్ళీ వచ్చావు."

అది గొడుగు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

లోపల మేస్త్రీ అప్పటికే కేకలు మొదలుపెట్టాడు. ఇకనుంచి బియ్యప్పిండితో ఉడకబెట్టాలట. ఆ బస్తా ఇవాళే బయటికి పోవాలట. బల్లలన్నీ కడగాలట. వేలు తడుపుకోవడానికి ఒక్కొక్కరికీ చిప్పలో తడి స్పాంజి. "బియ్యం జిగురుతో అట్ట ఊడిందంటే మాత్రం, పిచ్చికమ్మా, నీ పేరే చెప్తాను!" అన్నాడు. అంటూనే బస్తాని తనే ఈడ్చుకుపోయాడు.

సాయంత్రం అమ్మ ఎప్పటిలాగే, "ఏదీ, నోరు" అంది.

చెల్లెలు నోరు తెరవలేదు. వేలు చాపింది. "దీన్ని చూడమ్మా."

అమ్మ వాసన చూసింది. "జిగురు వాసన. రోజూ ఉండేదేగా."

"అవును, రోజూ ఉండేదే. మైదా జిగురు. రోజూ నాలికకి అద్దుకునేదాన్ని."

అమ్మ గుమ్మంలోనే ఆ వేలిని కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. చాలాసేపు దాని వేలు వదల్లేదు. నన్ను క్షమించు లాంటి మాటలు మా అమ్మకి రావు. భోజనం పెట్టేటప్పుడు దాని కంచంలో కూర రెండుసార్లు వేసింది, అంతే. తర్వాత కుర్చీ ఎక్కి, గోడకి అంటించిన కాగితం బొమ్మని గోటితో గీకడం మొదలుపెట్టింది.

"అది దేంతో అంటించారండీ?"

"నా చేత్తో. నన్ను కూడా ఇంట్లోంచి పంపేస్తావా ఏమిటి?" అన్నాడు నాన్న.

పరీక్ష ఇంకా కాలేదు. చెల్లెలు పనికి వెళ్తూనే ఉంది. నాతో మాట్లాడుతుంది కానీ, ఇదివరకటిలా నటించి చూపించదు. వీధి మలుపు దగ్గర మాత్రం ఒకసారి వెనక్కి తిరిగి చూసి నడుస్తుంది. అది నా వల్ల వచ్చిన అలవాటు.

నిన్న సాయంత్రం నేను వస్తుంటే నా ముందు అదే నడుస్తోంది. వెంటాడుతున్నాననుకుంటుందేమోనని అడుగు నెమ్మది చేశాను. అది బేకరీ ముందు ఆగింది. అద్దంలో నేను కనపడ్డాను కాబోలు, తిరగకుండానే అంది.

"వెనకొద్దక్కా. పక్కకి రా."

వెళ్ళాను. బన్ను కొని కాగితంతో సహా నా చేతిలో పెట్టింది. గోడ దగ్గరికి నడిచాం. కుక్క వచ్చింది.

"నువ్వు తుంచు. పొడి నాకు అంటకుండా."

తుంచాను. అది చేతులు వెనక్కి కట్టుకుని, వంగి, కాస్త దూరం నుంచే వాసన చూసింది. తర్వాత, "సగం దానికి పెట్టు. సగం నువ్వు తిను" అంది.

"నాకెందుకే!"

"తిను. ఈసారి చూడటం నా వంతు."

తిన్నాను. వెచ్చగా, మెత్తగా, నమిలేకొద్దీ తియ్యగా ఉంది. అది నా దవడలు కదలడాన్ని కన్నార్పకుండా చూసింది. అచ్చం అమ్మ చూపు.

"ఎలా ఉంది?"

"ఏం బాలేదే. ఒట్టి పిండి..." అనబోయాను.

"చెయ్యి చెవి మీంచి తీసి చెప్పు" అంది.

చెయ్యి దించాను. "చాలా బాగుంది" అన్నాను.