వెనకాల వచ్చే స్టెప్నీ

ఆ శనివారం తెల్లవారుజామున ఐదున్నరకు సరిహద్దు ఊరు సెషెకేలో బయలుదేరేటప్పుడు నా చేతిలో ఉన్నవి ఇవి. పసుపురంగు స్పోర్ట్స్ కారు ఒకటి, రెండే సీట్లు, స్టెప్నీ లేదు. పంక్చరు పూడ్చే రబ్బరు వత్తులు ఐదు. టైరులో కన్నం సాపు చేసే ఆర, వత్తిని లోపలికి తోసే సూది. సిగరెట్ లైటరు సాకెట్లో పెట్టుకునే చిన్న గాలిపంపు. ఆఖరి దిక్కుగా, టైరులోకి కొట్టి కన్నాలు పూడ్చే నురగ డబ్బా ఒకటి, వేడికి పేలకుండా తడిగుడ్డ చుట్టి. ఒక బావమరిది. ఆరున్నర గంటల టైము.

వత్తులు నిజానికి పన్నెండు కొన్నాను. ఏడు ఇంటి దగ్గరే అయిపోయాయి. పాత లారీ టైరు ఒకటి పెరట్లో పడేసి, దానికి మేకు కొట్టడం, పీకడం, వత్తి ఎక్కించడం, మళ్ళీ మేకు కొట్టడం. మొదటి మూడూ పాడుచేశాను. ఏడోదానికి చేయి కుదిరింది. మా ఆవిడ తమ్ముడు లిస్వానిసో గుమ్మంలో కూర్చుని వేరుశనగలు వలుచుకుంటూ చూశాడు.

"జ్వరం రాకముందే మందంతా మింగేశావు కదా బావా!"

"మింగడం నేర్చుకున్నాను. నీకు అదీ రాదు."

"నాకెందుకు? నాకు బావ ఉన్నాడు."

స్టెప్నీ ఎందుకు కొనలేదని అందరూ అడిగారు. ఆ కారు డిక్కీలో ఒక సంచి పడితే రెండోది పట్టదు. పైగా ముందు చక్రాలు ఒక సైజు, వెనక చక్రాలు ఒక సైజు. ఒక స్టెప్నీ మోస్తే సగం కారుకే పనికొస్తుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు, ప్రతి చక్రానికీ ఒక తాళం బోల్టు ఉంది, దాని తాళం కారు వచ్చిన జపాన్‌లోనే ఉండిపోయింది. చక్రం ఊడదు. ఏ వైద్యమైనా కారుకు ఉండగానే చేయాలి.

కారు ముటింటా టీచరమ్మది. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాక లివింగ్‌స్టన్‌లో ఉంటోంది. ఆ రోజు మూడింటికి చోమాలో ఆమె పనిచేసిన బడికి యాభై ఏళ్ళ పండగ. ముప్ఫై ఏళ్ళు బస్సుల్లో నిలబడి ఆ బడికి వెళ్ళిన మనిషి, ఈ ఒక్కసారి తన కారు తాను నడుపుకుంటూ గేటులోకి వెళ్ళాలనుకుంది. వాల్విస్ బే రేవు నుంచి కారు తెచ్చే పని నాకిచ్చింది. లివింగ్‌స్టన్ ఊరి మొదట్లో మెయిన్ రోడ్డు పక్కన ఆమెకు ఒక రేకుల షెడ్డూ, దాని ముందు ఖాళీ స్థలమూ ఉన్నాయి. కార్లు పెట్టి అమ్ముకోవడానికి దాన్ని మించిన చోటు లేదు. ఆ స్థలం నాకూ కావాలి, మూంగా అనే మరో వ్యాపారికీ కావాలి.

"పన్నెండుకల్లా కారు నా గేటు ముందు ఉండాలి, దాని కాళ్ళ మీద అది రావాలి," అని ఫోన్లో చెప్పింది. "లారీ ఎక్కించి తెస్తే నాకొద్దు. మాట మీద నిలబడ్డవాడికే స్థలం. లేకపోతే మూంగా ఉన్నాడు."

సరిహద్దులో కాగితాలు శుక్రవారం సాయంత్రానికి గాని తెమలలేదు. అందుకే శనివారం పొద్దున్న ప్రయాణం. లివింగ్‌స్టన్‌కు రెండు వందల కిలోమీటర్లు. కజుంగుల దాకా రోడ్డు గుంతలు, గుంతల మధ్య అక్కడక్కడా రోడ్డు. నాలుగున్నర గంటలు. ఆ పైన మంచి రోడ్డు, ఒక గంట. ఇంకో గంట చేతిలో మిగులు. వత్తికి ఇరవై నిమిషాల లెక్కన ఆ గంటలో మూడు పంక్చర్లు పడతాయి. నాలుగోది పడకూడదు.

మ్వాండీ దాటాక వెనక ఎడమ టైరు మెత్తబడింది. దిగి చూస్తే మేకు. కలప లారీలు తిరిగే దారి, మేకులు వాటి వెంటే రాలతాయి.

"కొమ్మలు వేసిరా," అన్నాను.

బండి ఆగిపోతే వెనక వచ్చేవాళ్ళకు తెలియడానికి రోడ్డు మీద కొమ్మలు విరిచి పరుస్తాం. అరవై అడుగులు వెనక్కి వెళ్ళి వేయాలి. లిస్వానిసో బద్ధకించి, చేతికందిన చెట్టు కొమ్మలు నాలుగు విరిచి, కారు తోక దగ్గరే పడేశాడు. నేను టైరు పనిలో ఉన్నాను, చూడలేదు.

మేకు పీకాను, ఆర దింపాను, వత్తి ఎక్కించాను, గాలి పట్టాను. పద్దెనిమిది నిమిషాలు. లాభం రెండు నిమిషాలు. ముందు పెద్ద గుంత ఉంది కాబట్టి కాస్త వెనక్కి తీసి పక్కకు తిప్పాలి. వెనక్కి తీశాను. కారు కింద పటపటమని ఎండు అప్పడాలు విరిగినట్టు చప్పుడైంది.

దిగాను. వేలెడు పొడవు తెల్లటి ముళ్ళు. తుమ్మకొమ్మలు. వెనక కుడి టైరులో నాలుగు దిగి ఉన్నాయి.

"ఏం కొమ్మలురా ఇవి?"

"కొమ్మలు తెమ్మన్నావు గాని, ఏ చెట్టువో చెప్పలేదు కదా!"

"ఎవరికి వేశావు హెచ్చరిక? మనకేనా?"

"ముందు ఆ పని చూడు బావా. తిట్లు కారు నడుస్తుంటే కూడా తిట్టొచ్చు."

ఆ మాటలో న్యాయం ఉంది. తిట్లకు టైము లెక్కలో పెట్టలేదు. మూడు ముళ్ళు టైరు నడినెత్తిన ఉన్నాయి, వాటికి మూడు వత్తులు. ఒకచోట కన్నం సన్నగా ఉండి వత్తి తెగింది, ఐదోది అక్కడ పోయింది. నాలుగో ముల్లు టైరు భుజం మీద, అంచు వంగే చోట దిగింది. అక్కడ వత్తి నిలబడదు, నడిచే కొద్దీ ఒత్తుకుని బయటికొస్తుంది. నా దగ్గర వత్తీ లేదు. తడిగుడ్డ విప్పి నురగ డబ్బా తీశాను. అది టైరులోకి బుసబుసమని దిగింది. నురగ లోపల సమంగా పరుచుకోవాలంటే వెంటనే నడపాలి, నడిపాను. నలభై కిలోమీటర్లకోసారి ఆగి గాలి చూశాను, తగ్గిన గాలి మళ్ళీ పట్టాను. పంపు వేడెక్కితే అది చల్లారేదాకా లిస్వానిసోను తిట్టాను. అప్పుడు టైముంది.

పదకొండు యాభై రెండుకు గేటు ముందు ఆపాను.

టీచరమ్మ ఆకుపచ్చ గౌను తొడుక్కుని, తలపాగా చుట్టుకుని వరండాలో కుర్చీ వేసుకుని ఉంది. కారు చుట్టూ ఒకసారి తిరిగింది. పిల్లల చేతిగోళ్ళు చూసినట్టు నాలుగు టైర్లూ వంగి చూసింది.

"ఎనిమిది నిమిషాలు ముందే వచ్చావే సితాలీ! లోజీలకు గడియారం చూడటం ఎవరు నేర్పారు?"

మా లోజీ తెగకూ వాళ్ళ టోంగా తెగకూ వేళాకోళం పాత చుట్టరికం. ఎవరేమన్నా కోపం తెచ్చుకోకూడదు.

"ఆవులు కాసుకునే టోంగాలు పొద్దు చూసి చెబుతుంటే విని నేర్చుకున్నాం టీచరమ్మా," అన్నాను.

ఆమె నవ్వి తాళం కోసం చేయి చాపింది. తాళం ఆ చేతిలో పెడితే నా పని అయిపోయినట్టే. కారు టైముకు వచ్చింది, దాని కాళ్ళ మీద వచ్చింది. నురగ సంగతి పైకి కనపడదు. చోమాకు ఇంకా నూట తొంభై కిలోమీటర్లు. మంచి రోడ్డు, ఆమె నూట ఇరవై మీద వెళుతుంది. నురగ పోసిన టైరు ఎనభై దాటకూడదు. దారిలో టైరు పేలి ఆమెకేమైనా అయితే ఆ షెడ్డులో నా కార్లు ఎవరు కొంటారు? అలా లెక్క వేసుకున్నాను. ఇంకే రకంగా వేసినా అదే తేలేదేమో గాని, అప్పుడు వేసింది మాత్రం ఈ లెక్కే.

"వెనక కుడి టైరులో ముల్లు దిగింది," అని మొత్తం చెప్పాను. కొమ్మలు ఎవరు వేశారో కూడా.

ఆమె లిస్వానిసో వైపు తిరిగింది. "నీ దారిలో నువ్వే ముళ్ళు వేసుకున్నావా నాయనా?"

"హెచ్చరిక బలంగా ఉండాలని వేశానమ్మా."

టీచరమ్మ హాండ్‌బ్యాగు తెరిచి ఒక కాగితం తీసింది. పన్నెండున్నర బస్సుకు చోమా టికెట్టు. "లోజీలను నమ్మి ఏ టీచరూ చేతులు కట్టుకుని కూర్చోదు. నిన్ననే కొన్నాను. నా స్టెప్నీ ఇదే," అంది. కాని రెండో చేయి కారు మీద వేసింది.

నాకు అక్కడ దారి దొరికింది.

"ఆ స్టెప్నీని వెనకాల రానిద్దాం," అన్నాను. "ఆ టికెట్టు మీద వీడు బస్సెక్కుతాడు. మీ సీటులో వీడు కూర్చుంటాడు. మనం ఇప్పుడే బయలుదేరతాం. మీరు నడపండి, ఎనభై దాటకుండా. పక్కన పంపు ఒళ్ళో పెట్టుకుని నేనుంటాను. టైరు పోతే బస్సు వెనకే వస్తుంది. చెయ్యెత్తి ఆపుతాను, వీడు దిగుతాడు, మీరు ఎక్కుతారు. ఎటూ మూడింటికి మీరు బడిలో ఉంటారు."

"మరి నేను దిగి?" అన్నాడు లిస్వానిసో.

"ముళ్ళు ఏరుకో."

జింబా దగ్గర ఒకసారి ఆగి గాలి పట్టాం. కలోమో దాటాక టైరు మళ్ళీ మెత్తబడింది. ఈసారి భుజం దగ్గర నురగ చెమటలా ఊరుతోంది. పంపు పెట్టాను. అప్పుడు వెనక నుంచి బస్సు హారన్ వినపడింది. లిస్వానిసో తలుపు దగ్గర నిలబడి డ్రైవరుతో ఏదో అరుస్తున్నాడు. బస్సు ఆగింది.

"దిగమంటావా బావా, ఉండమంటావా? వీళ్ళు నన్ను తిడుతున్నారు!" అని కేకేశాడు.

బస్సు ముందుకు వెళ్ళిపోతే మా వెనక ఇక ఏమీ ఉండదు. టీచరమ్మ స్టీరింగు వదలలేదు.

"నిలుస్తుందా?" అని నన్నడిగింది.

"గంటకు అర బార్ ఒత్తిడి గాలి పోతోంది. గంటలో చోమా చేరతాం. నిలుస్తుంది. కాని మాట ఇవ్వను."

"మాట అడగలేదు, లెక్క అడిగాను." కిటికీలోంచి చెయ్యి ఊపింది. "పో నాయనా! నా సీటు మురికి చేయకు!"

బస్సు వెళ్ళిపోయింది. కిటికీల్లో నలభై మంది నవ్వులు.

మూడూ ఐదుకు బడి గేటులోకి వెళ్ళాం. పాత విద్యార్థులు, తలలు నెరిసినవాళ్ళు, దారికి రెండు వైపులా నిలబడి చప్పట్లు కొట్టారు. బస్సులో ముందే దిగిన లిస్వానిసో కూడా వాళ్ళలో నిలబడి అందరికంటే గట్టిగా కొట్టాడు. భోజనం కూడా అప్పటికే చేసేశాడు.

స్థలం సంగతి సోమవారం తేలింది. "టైముకు తెచ్చావు, దెబ్బతో తెచ్చావు, దెబ్బ దాచలేదు. మూడింటికీ కలిపి మార్కులు వేశాను," అని రోడ్డు వైపు సగం నాకిచ్చింది, షెడ్డు ఉన్న సగం మూంగాకిచ్చింది. ఎండకు నేను గొడుగు వేసుకుని కూర్చుంటాను, రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకు ముందు కనపడేది నా కార్లే. ఆ టైరు మార్చడానికి లుసాకా నుంచి కొత్తది రావాల్సి వచ్చింది. తాళం బోల్టును వెల్డింగ్ మనిషి ఊడదీశాడు.

ఇప్పుడు స్టెప్నీ లేని కారు ఏది అమ్మినా వత్తులు పన్నెండు ఇస్తాను, ఏడు నా కళ్ళ ముందు పాత టైరు మీద ఎక్కించందే తాళం ఇవ్వను. టీచరమ్మకు చేయి కుదరడానికి ఆరే పట్టాయి.

చివరికి మిగిలినవి: వత్తులు సున్నా. నురగ డబ్బా ఖాళీ. ఆర, సూది, పంపు ఉన్నాయి. రోడ్డు వైపు సగం స్థలం. కొమ్మలు వేయమంటే ముందు ఆకు చూసి విరిచే బావమరిది.