నది ఇవతలి కుట్టు

జీతాల కోతకు ఒప్పుకునేవాళ్లు లేచి నిలబడాలని యూనియన్ అధ్యక్షుడు బ్రాడీ వేదిక మీది నుంచి అంటూండగానే పక్క తలుపు తెరుచుకుంది. బూట్లకంటిన మంచు దులుపుకుంటూ తెలుగు చర్చి పాస్టరు దైవాశీర్వాదం అయ్యగారు లోపలికి వచ్చారు. మూడో వరుసలో ఉన్న విమలకుమారి ఆయన్ని చూడగానే లేచింది. ఆమె వెనక తెలుగు ఆడవాళ్లంతా లేచారు. గుంటూరులో గాని, కాకినాడలో గాని అయ్యగారు గుమ్మంలో అడుగు పెడితే కూర్చునే ఉన్న మనిషిని వాళ్లు ఎరగరు.

బ్రాడీ వేలు ఆడిస్తూ లెక్కపెట్టాడు. కూర్చుందామని వాళ్లు కుర్చీలు వెతుక్కునేలోగా తీర్మానం నెగ్గిందని బల్ల మీద సుత్తి కొట్టాడు.

అమెరికాలో ట్రాయ్ ఊరి శివార్లలో ఉన్న ఆ ఫ్యాక్టరీలో కార్ల సీట్లకు తొడుగులు కుడతారు. అయ్యగారు వారమంతా అక్కడే తొడుగులు తనిఖీ చేస్తారు, ఆదివారం అద్దె హాల్లో తెలుగు ఆరాధన నడుపుతారు. నది దాటితే కెనడా. అక్కడ విండ్సర్‌లో అదే యజమానికి ఇంకో ఫ్యాక్టరీ ఉంది. అక్కడివాళ్లు కోతకు ఒప్పుకోక సమ్మెకు దిగారు. ఇప్పుడు నెగ్గిన తీర్మానంలో రెండు సంగతులున్నాయి. ఒకటి కోత. రెండోది, విండ్సర్‌లో ఆగిన కుట్టుపని ట్రాయ్‌లో చేసిపెట్టడం.

మర్నాడు భోజనాల గదిలో తెలుగు ఆడవాళ్ల బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు. ఒడెస్సా మాత్రం తన పళ్లెం తెచ్చుకుని ఎదురుగా కూలబడింది. అలబామా నుంచి వచ్చి ఆ ఫ్యాక్టరీలోనే జుట్టు నెరిసిపోయిన నల్లజాతి మనిషి ఆవిడ.

"మమ్మల్ని అమ్మేశారు కదమ్మా మీరు," అంది.

తాము నిలబడింది పాస్టరుగారి కోసమని విమలకుమారి తన ఇంగ్లీషులో చెప్పింది. ఒడెస్సా చాలాసేపు ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత నవ్వింది. సంతోషం లేని నవ్వు.

"ఆయన వస్తే మీరు లేస్తారని బ్రాడీకి తెలుసు. క్రిస్మస్ విందులో చూశాడు, నేనూ చూశాను. నిన్న తలుపు దగ్గర మీ పాస్టరుని ఆపి ఉంచారు. బ్రాడీ ముందు ఆయన్ని చెయ్యి ఊపి పిలిచాడు, తర్వాతే నిలబడమన్నాడు."

పక్కనున్న మేరీ అనే పిల్ల జయంతిని గిల్లింది. "మేమంటే చర్చివాళ్లం. నువ్వు ఎందుకు లేచావే?"

జయంతిది కరీంనగర్. ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటం ఉంది. "అందరు లేస్తే నేనొక్కదాన్ని కూసుంటే మంచిగుంటదా?" అంది.  విమలకుమారి తన పళ్లెం పక్కకు నెట్టింది.

ఆ ఆదివారం విండ్సర్ నుంచి చెల్లెలు నవోమి వచ్చింది. వంతెన దాటేటప్పుడు ఎక్కడికని అడుగుతారు, అక్క ఇంటికంటే పొమ్మంటారు. ఇన్నేళ్లుగా అంతే. నవోమి పనిచేసేది సమ్మెలో ఉన్న ఆ ఫ్యాక్టరీలోనే. రెండు ఫ్యాక్టరీలదీ ఒకే యూనియన్; అందులోని కెనడా శాఖ అమెరికా వాళ్ల నుంచి విడిపోతామని తేల్చి చెప్పిన చలికాలం అది. నవోమి కోటు విప్పకుండానే వంటింట్లోకి వచ్చింది.

"నువ్వు కుట్టేవి మా తొడుగులక్కా. తెలుసా?"

"తెలుసు."

"తెలిసే కుడుతున్నావా?"

విమలకుమారి పొయ్యి కట్టేసి గది వైపు చూసింది. లోపల భర్త సుందర్ రాజ్ పడుకుని ఉన్నాడు. కార్ల కంపెనీ ఆయన్ని ఇంటికి పంపేశాక గుండె చెడింది. ఆయన డాక్టరు, ఆయన మందులు అన్నీ ఆమె ఉద్యోగంతో వచ్చే ఇన్సూరెన్స్ మీద నడుస్తున్నాయి. ఆ సంగతి చెల్లెలికి కొత్త కాదు. అయినా మళ్లీ చెప్పింది. చెప్పీ చెప్పీ అలిసిపోయిన మాటే అది.

నవోమి కుర్చీలో కూర్చుంది. గొంతు తగ్గించింది. "మా దగ్గర ఉద్యోగం పోతే జీతం పోతుందక్కా. ఆస్పత్రి పోదు, దాని ఖర్చు ప్రభుత్వానిది. మేం గేటు బయట నిలబడగలుగుతున్నది అందుకే. మిమ్మల్ని బావ మందుసీసాకి కట్టేసి పెట్టారు. ఇక చేతిలో ఓటున్నా భయం లేకుండా ఎలా వేస్తారు?"

"మీ దేశం స్వర్గంలే."

"స్వర్గమేం కాదు. మా కొత్త ప్రభుత్వం కూడా మీ వాళ్ల దారే పట్టాలని చూస్తోంది. ఆస్పత్రులు మాకూ ఊరికే ఇవ్వలేదు, ముందు మనుషులు కొట్లాడి తెచ్చుకున్నారు. ఎప్పుడు లాగేసుకుంటారోనని కాపలా కాస్తూనే ఉన్నాం. మీ దగ్గర విమానాలకు దారి చెప్పే కంట్రోలర్లు సమ్మె చేస్తే మీ ప్రెసిడెంటు వేలమందిని ఒక్కసారి ఇంటికి పంపాడు. ఆ రోజు నుంచి ప్రతి యజమానికీ ధైర్యం వచ్చింది. నాలుగేళ్లకోసారి ఓటేస్తారు, ఫ్యాక్టరీ గేటు దాటగానే నోరు మూసుకుంటారు. అలా అలవాటైన మనుషుల చేతిలో ఆ మిగిలిన ఓటు మాత్రం ఎన్నాళ్లుంటుంది?"

యూనియన్ విడిపోతే ఇద్దరూ బలహీనపడరా అని విమలకుమారి అడిగింది. ఆ మాట యూనియన్ గురించే అడిగిందో, తమ గురించి అడిగిందో ఆమెకే తెలియదు. మద్రాసు విమానాశ్రయంలో అమ్మను వదిలింది, మళ్లీ చూడలేదు. ఇండియానాలో అన్నయ్యను వదిలింది, అతను మంచులో కారు జారి చనిపోయాడు. ఎవరు గుమ్మం దాటినా ఇదే ఆఖరు చూపేమోనని ఆమె కిటికీ దగ్గర నిలబడిపోతుంది.

నవోమి కోటు విప్పి కుర్చీకి తగిలించింది. విడిపోవడం తమకూ కష్టంగానే ఉందనీ, కోతకు తలూపమని పైనుంచి చెప్పేవాళ్లతో ఉండలేకపోయామనీ అంది. "నాయకులు విడిపోయారు. నువ్వూ నేనూ విడిపోవాలా వద్దా అన్నది నీ కుట్టుమిషన్ దగ్గర తేలుతుందక్కా."

శుక్రవారం సాయంత్రం విమలకుమారి అపార్ట్‌మెంట్‌లో ప్రార్థన కూడిక. ఈసారి ఒడెస్సాను కూడా పిలిచారు. ఆవిడ తివాచీ మీద కాళ్లు చాపుకుని ఉప్మా తింటోంది. అయ్యగారు లోపలికి రాగానే ఆడవాళ్లు సగం లేచి, ఆగి, విమలకుమారి వైపు చూశారు. ఆమె లేవలేదు. 

"కూర్చోండయ్యగారూ," అంది. "ఇవాళ మీతో కూర్చునే మాట్లాడాలి."

ఆయన కూర్చున్నారు. సభలో ప్రార్థన చెయ్యాలని బ్రాడీ అడిగాడనీ, పిలిచేదాకా తలుపు దగ్గర ఉండమన్నాడనీ, ఎందుకో తనకు తెలియదనీ చెప్పారు. అబద్ధం చెప్పే మనిషి కాదాయన. కానీ జరిగిందేదో జరిగింది, వదిలెయ్యమన్నారు. పరాయి దేశంలో పొట్ట పోసుకుంటున్నాం, పెద్దలకు ఎదురు తిరిగితే మనకెవరు దిక్కని అడిగారు.

"మిమ్మల్ని చూస్తే లేచినం అయ్యగారూ, ఆ లేసుడునే వాళ్లు ఖాతాల ఏసుకున్నరు," అంది జయంతి. "మీకు ఇచ్చిన మర్యాద మీకే ఉండాలె గని, కంపెనీకెట్ల పోతది?"

ఆయన తల దించుకున్నారు. గదిలో వాదన రేగింది. ఇళ్లు పోతాయని ఒకరు, గ్రీన్‌కార్డు కాగితాలు మధ్యలో ఉన్నాయని ఒకరు, విండ్సర్ వాళ్లు మనకోసం ఏం చేశారని ఒకరు. ఒడెస్సా అన్నీ విని, తన ఊళ్లో తల్లి ఓటరుగా పేరు రాయించుకోవడానికి వెళ్తే కోర్టు మెట్ల దగ్గరే తరిమేశారని చెప్పింది. అమ్మ మళ్లీ వెళ్లిందనీ, ఈసారి వీధి వీధంతా వెంట వెళ్లిందనీ అంది. చివరకు సోమవారం కాగితం మీద రహస్య ఓటు అడగాలని తేలింది. ఇవ్వకపోతే విండ్సర్ పని ముట్టుకోకూడదు. ఎవరు ముందు అడుగుతారన్నది మిగిలింది.

"నేనే ముందు లేచాను," అంది విమలకుమారి. "నేనే అడుగుతాను."

అడిగింది. ఓటు ఒక్కసారే ఉంటుందన్నాడు బ్రాడీ. ఇచ్చిన పని మానేస్తే ఒప్పందం తప్పినట్టేననీ, ఉద్యోగంతో పాటు ఇన్సూరెన్స్ కూడా ఆ రోజే ఆగుతుందనీ ఫోర్‌మన్ గుర్తు చేశాడు. అతను ఆమె భర్త పేరు కూడా పలికాడు. ఎలా తెలిసిందో.

విండ్సర్ కట్టలు ఆమె మిషన్ పక్కన పడ్డాయి. బూడిదరంగు గుడ్డ. పైన సుద్దతో ఎవరో గీసిన గుర్తులు. నవోమి చెయ్యి కూడా ఇలాగే గీస్తుంది. విమలకుమారి సుందర్ రాజ్‌ని తలుచుకుంది. పొద్దున ఆయన మంచం మీంచే అన్నాడు, నా గుండెని అడ్డం పెట్టుకుని నిన్ను బెదిరించనివ్వకు విమలా అని. అన్నంత మాత్రాన భయం పోతుందా. భయం అలాగే ఉంది. దానితోనే ఆమె మిషన్ పెడల్ మీంచి కాలు తీసేసింది.

పక్క మిషన్ ఆగింది. తర్వాత జయంతిది. గోడవారగా పోలండ్ ఆడవాళ్లవి, ఆ వెనక ఒడెస్సా వరస. ఏళ్ల తరబడి ఆ హాల్లో ఎవరూ వినని చప్పుడొకటి వినిపించింది. పైకప్పు మీద గాలి.

మధ్యాహ్నానికల్లా మిషన్లు ఆపినవాళ్లందరినీ గేటు బయటికి నెట్టారు. విండ్సర్ నుంచి నవోమి, ఇంకొందరూ వచ్చి వాళ్ల పక్కన నిలబడ్డారు. తెచ్చిన కాఫీ పంచారు. రెండో రోజు ఇమిగ్రేషన్ వాళ్ల వ్యాను వచ్చింది. అక్క ఇంటికని చెప్పి దేశంలోకొచ్చి అల్లరి చేస్తోందంటూ నవోమిని పట్టుకున్నారు. అక్క ఇక్కడే ఉందని విమలకుమారి చెప్పింది. ఆ మాట ఎవరూ వినలేదు. నవోమి పెనుగులాడలేదు. వ్యాను ఎక్కుతూ తన చేతి తొడుగులు విప్పి అక్క చేతిలో పెట్టింది.

"వణుకుతున్నావు, వేసుకో. లోపలికి మాత్రం వెళ్లకు."

ఇక ఆమెను వంతెన దాటనిచ్చేది లేదని అమెరికా అధికారులు చెప్పేశారట. రాత్రి ఫోన్‌లో ఆ మాట చెప్పేటప్పుడు నవోమి గొంతు మామూలుగానే ఉంది. ఇంకో సంగతి చెప్పింది. సీట్ల తొడుగులు రాక అక్కడ కార్లు తయారుచేసే లైన్ నెమ్మదించిందట. గిడ్డంగిలో ఉన్న సరుకు రేపు ట్రాయ్ నుంచి లారీలో వస్తుందని యజమాని మాటిచ్చాడట.

తెల్లారేటప్పటికి గేటు దగ్గర జనం నిన్నటికంటే ఎక్కువే ఉన్నారు. లోపల పనిచేసేవాళ్లలో కొందరు బయటే ఆగిపోయారు. అయ్యగారు దూరంగా కారు ఆపుకుని కాసేపు స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నారు. తర్వాత దిగి, తనిఖీ కోటు విప్పి వెనక సీట్లో పడేసి, నడుచుకుంటూ వచ్చి ఆఖరు వరసలో చేరారు. ఆయన వచ్చిన సంగతి చాలామంది గమనించనే లేదు. అందరి కళ్లూ లారీ మీదున్నాయి.

లారీ గేటు దాటి ముక్కు బయటపెట్టింది. డ్రైవరు హారన్ కొట్టాడు. ఎవరూ కదల్లేదు. ఇంజను వేడికి విమలకుమారి ముఖానికి ఆవిరి కొట్టింది. పక్కనుంచి ఒడెస్సా చెయ్యి పట్టుకుంది, అటునుంచి జయంతి. పోలీసు కార్లు రోడ్డు మలుపు తిరుగుతున్నాయి. ఇంటి దగ్గర సుందర్ రాజ్ మందులు ఇంకెన్నాళ్లొస్తాయో ఆమెకు తెలుసు. అయినా కాళ్లు అక్కడే ఉన్నాయి.

డ్రైవరు కిటికీ దించాడు. నిద్ర చాలని ముఖం. "ఎంతసేపమ్మా ఇలా?" అని అడిగాడు.

"తెలీదు," అంది విమలకుమారి.

అతను పోలీసు కార్ల వైపు చూశాడు, ఆడవాళ్ల వైపు చూశాడు. ఇంజను కట్టేసి, తాళంచెవి జేబులో వేసుకుని, లారీ దిగి నడిచి వెళ్లిపోయాడు.