మూడో మూర

శుక్రవారం వచ్చిందంటే దేవికకు పొద్దున్నే పూలు కట్టే పని ఉంటుంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటుంది, భర్త హరీష్ చొక్కా ఇస్త్రీకి ఎదురుచూస్తుంటుంది, అత్తగారి షుగరు మాత్ర ఆమెకు గుర్తుండదు గనక దేవికకు గుర్తుండాలి. ఇవేవీ పూలను ఆపవు. మూడు మూరల చామంతులు కట్టాలి. ఒక మూర ఇంట్లో దేవుడి గూటికి, రెండు మూరలు షాపుకు. షాపులో ఉన్నది ఒక్క లక్ష్మీదేవి పటమే కదా, ఇంకో మూర దేనికని కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి అడిగింది. "కట్టమన్నప్పుడు కట్టొచ్చుగా, ప్రతిదానికీ ఆరా ఎందుకు" అంది అత్తగారు అనసూయమ్మ. అంతే, మళ్లీ అడగలేదు. తొమ్మిదేళ్లుగా ఆ మూడో మూర కడుతూనే ఉంది.

షాపంటే కోదాడలో ఖమ్మం వెళ్లే రోడ్డు మీద విత్తనాలు, పురుగుమందులు అమ్మే షాపు. దాని లైసెన్సు దేవిక పేరు మీద ఉంది. అదో కథ. దేవిక నాన్న మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు గుమాస్తా. కూతుర్ని బీఎస్సీ కెమిస్ట్రీ చదివించాడు. పెళ్లిచూపుల్లో అనసూయమ్మ వంట వచ్చా అనడగలేదు, పాట వచ్చా అనడగలేదు. "సర్టిఫికెట్లు ఒరిజినల్స్ మీ దగ్గరే ఉన్నాయా?" అనడిగింది. చదువుకు ఇంత విలువిచ్చే సంబంధం దొరికిందని నాన్న పొంగిపోయాడు, పాపం. పురుగుమందులు అమ్మాలంటే డిగ్రీ కావాలన్న రూలు సంగతి, హరీష్ ఇంటరు దగ్గరే ఆగిపోయిన సంగతి తర్వాత తెలిశాయి. పెళ్లయిన రెండో వారంలో ఒక దరఖాస్తు మీద సంతకం పెట్టింది, ఒక ఫోటో ఇచ్చింది. సర్టిఫికెట్లు అత్తగారి బీరువాలోకి పోయాయి. షాపు తెరిచిన రోజు కొబ్బరికాయ కొట్టాక హరీష్ అన్నమాట ఆమెకిప్పటికీ గుర్తు. "ఇంక నువ్వు ఈడకు రావొద్దు. మందుల వాసన, అంతా మగోళ్లు. ఇంట్ల హాయిగ ఉండు." హాయిగా ఉండటం అంటే ఏమిటో అప్పటినుంచి చూస్తూనే ఉంది.

హాయి అంతా ఇంటి వెనక గదిలో ఉండేది. ఎండాకాలం చివర్లో తెల్లవారుతుండగానే అక్కడికి బస్తాలు దిగేవి. ఎక్కడినుంచో అడగకూడదు. లూజు పత్తి గింజలు. గడ్డిమందు కొట్టినా చావని పత్తి. గింజ లోపల జన్యువు మార్చి చేసిందది. ప్రభుత్వం దాన్ని ఒప్పుకోలేదు, పరీక్షలు తేలలేదు, అమ్మినా దాచినా కేసే. దేవిక ఈ సంగతులు పేపర్లో చదివి, ఇది తప్పు కదా అంది. "రైతులే కావాలంటున్నరు. ఢిల్లీల కూర్చున్నోళ్లకేం తెలుసు? చదువు మొదలెట్టకు" అన్నాడు హరీష్. గింజలకు ఎర్రరంగు పొడి పట్టించి, పేరూ ఊరూ లేని కవర్లలో నింపి, కొవ్వొత్తి మంట మీద అంచులు అంటించాలి. ఈ పని దేవికది. ఈ ఏడు ఇంకో మాట కలిసింది. రెండో బస్తాలో మామూలు పత్తి గింజలుంటాయి, దీంట్లోంచి ఒక డబ్బా, దాంట్లోంచి రెండు డబ్బాలు పోసి బాగా కలపాలి. ఎందుకని ఆమె అడగలేదు. కెమిస్ట్రీ చదివిన మనిషికి అర్థం కాక కాదు. అడిగి అడిగి నోరు అలసిపోయింది, అంతే. ఎరుపు చేతులకు అంటుకుని వారాలు పోయేది కాదు. "గోరింటాకు ఖర్చు తప్పింది నీకు" అని అనసూయమ్మ నవ్వేది, కోడలు కూడా నవ్వేదాకా చూసేది.

ఆ శుక్రవారం షాపు పూలు తీసుకుని హరీష్ వెళ్లిపోయాడు. అనసూయమ్మ పక్కవీధిలో వ్రతానికి వెళ్లింది. పదకొండు గంటలప్పుడు గేటు చప్పుడైతే దేవిక వెళ్లి తీసింది. బయట ఒక ముసలామె నిలబడి ఉంది. మెడలో చిన్న సిలువ, చేతిలో ఎండిన పత్తి మొక్క. దేవిక మొహం చూడగానే ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. మొక్క చేతిలోంచి జారిపోయింది.

"అమ్మా, నువ్వు సచ్చిపోలేదా?"

ఎవరనుకుంటోందో అని దేవికకు నవ్వొచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు. తన పేరు బాలమ్మ అని, మోతె నుంచి వచ్చానని చెప్పింది, ఆ చెబుతున్నంతసేపూ దేవిక పాదాలవైపు చూసింది. షాపుకు ఎప్పుడు పోయినా లక్ష్మీదేవి పక్కన ఈ మొహమే, దానికి పూలదండ. షేటు పెండ్లాం కావచ్చు, చిన్న వయసులోనే పోయిందనుకుందట. "సదువుకున్న పిల్ల లెక్క కనబడ్డవ్. ఓ ఆదివారం నీకోసం ప్రార్థన గూడ చేసిన బిడ్డా" అంది. దేవిక నవ్వు ఆగిపోయింది. చీర కుచ్చిళ్లలో పొద్దుటి చామంతి రెక్కలు ఇంకా ఇరుక్కునే ఉన్నాయి. తొమ్మిదేళ్లు తన దండ తనే కట్టుకుందన్నమాట.

బాలమ్మ వచ్చిన పని వేరే. ఆమె మోతెలో కలుపు తీసే ఆడవాళ్ల ముఠాకు పెద్ద. రెండేళ్లుగా అందరూ గడ్డిమందు కొట్టేస్తుంటే ముఠాను పిలిచేవాళ్లే లేరు. ఇగ చేసేదేముందని, తనే రెండెకరాలు కౌలుకు పట్టి అదే విత్తనం వేసింది. మందు కొట్టింది. గడ్డితోపాటు పత్తీ చాలావరకు పోయింది. షాపుకు వెళ్తే బిల్లు ఏదన్నారు. ఈ విత్తనానికి బిల్లు ఎవరిస్తారు? నాలుగుసార్లు తిప్పి పంపాక ఇల్లు కనుక్కుని వచ్చింది.

"ఒక్కపారి వచ్చి సూడమ్మా. గంతే. నీ ఇంటాయనకు నువ్వన్న చెప్పు."

దేవిక ఇంటికి తాళం వేసి, తాళంచెవి తులసికోట మీద పెట్టి, ఆమె వెంట ఆటో ఎక్కింది. ఎవరికీ చెప్పకుండా గేటు దాటడం పెళ్లయ్యాక అదే మొదటిసారి. భయం వేసిందా అంటే వేసింది. కానీ గోడ మీద తన పటం దండతో వేలాడుతోందన్న భయం ముందు అదెంత?

మిట్టమధ్యాహ్నం చేను దగ్గరికి చేరారు. గట్టు మీద అడుగుపెట్టగానే దేవికకు మొదట తెలిసింది చప్పుడు లేకపోవడం. మిడత లేదు, పిట్ట లేదు. ఎండిపోయిన గరిక నేలకు అతుక్కుని ఉంది. ఆ మాడిన దాని మధ్య అక్కడొకటి ఇక్కడొకటి పత్తి మొక్కలు మాత్రం పచ్చగా నిలబడి ఉన్నాయి, ఏమీ జరగనట్టు. అంత పచ్చదనం చూస్తే కళ్లకు మంచిగా ఉండాలి. ఉండలేదు. ఆ మొక్కలు తన కోసమే నిలబడి ఉన్నట్టనిపించింది. వరుస వెంట నడుస్తూ లెక్కపెట్టింది. ముప్పై మొక్కలకు పది పచ్చగా, ఇరవై మాడి. ఇంకో వరుసలో ముప్పైకి పదకొండు. ఇంకో దాంట్లో పది. నాలుగో వరుస లెక్కపెట్టలేక ఆగిపోయింది. ఒక డబ్బా ఇది, రెండు డబ్బాలు అది. వెనక గదిలో తను కూర్చుని కలిపిన కొలతే ఇక్కడ మొలిచి నిలబడి ఉంది. అరచేతులు చూసుకుంది. గోళ్ల మొదట్లో ఎరుపు ఇంకా అలాగే ఉంది.

"గీ చేన్లకు రావాలంటే నాకే భయమైతుంది" అంది బాలమ్మ వెనకనుంచి. "నలభై ఏండ్ల సంది కలుపు తీస్తున్న. ఇంత సప్పుడు లేని చేను ఎన్నడు సూడలే."

నేనే కలిపాను అని దేవిక చెప్పలేకపోయింది. దానికి బదులు, వ్యవసాయాఫీసులో ఫిర్యాదు ఇవ్వమని చెప్పింది. బిల్లు లేకపోయినా విత్తనాల కవరూ మొక్కలూ పట్టుకుపోతే పరీక్ష చేస్తారంది.

"ఎవరి పేరు మీద ఇయ్యాలె?"

"షాపు లైసెన్సు ఎవరి పేరు మీద ఉంటే వాళ్ల మీద."

"ఎవలది?"

దేవిక తన పేరు చెప్పింది. బాలమ్మ ఒంగి, మాడిన మొక్క ఒకటి, పచ్చది ఒకటి పీకి కొంగులో చుట్టుకుంది.

తిరుగుదారిలో షాపు ముందు దిగింది. హరీష్ లేడు. కౌంటర్లో ఉన్న కొత్త మనిషి "ఏం మందు కావాలమ్మా?" అనడిగాడు. అతని తలపైన, లైసెన్సు పక్కన, దాంతోపాటే పూజలో, పెద్దది చేయించిన ఇరవై మూడేళ్ల దేవిక ఫోటో ఉంది. పొద్దున తను కట్టిన చామంతులు ఇంకా వాడలేదు. అగరొత్తి బూడిద కింద రాలి ఉంది. ఆ మనిషి ఫోటో కిందే నిలబడి, ఆమె మొహంలోకి చూస్తూ, మళ్లీ ఏం కావాలని అడిగాడు. ఏమీ వద్దని వచ్చేసింది.

నెల తిరక్కుండా షాపుకు వ్యవసాయాఫీసు జీపు వచ్చింది. షాపులో ఏమీ దొరకలేదు. అక్కడ దాచేంత పిచ్చివాడా హరీష్? కానీ బాలమ్మ ఇచ్చిన కవరులో మిగిలిన గింజలు ఆ దొంగ పత్తివేనని పరీక్షలో తేలింది. నోటీసు వచ్చింది, దేవిక పేరు మీద. ఆ రోజు హరీష్ మొదటిసారి తనే మంచినీళ్లు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. తను ఇరుక్కుంటే లోపలేసి బయటికి రానివ్వరట, ఆడదానికైతే బెయిలు సులువట, మహా అయితే నాలుగు రోజులు. తెచ్చింది, కలిపింది, అమ్మింది అన్నీ దేవికే, భర్తకు తెలియదు అని ఒక కాగితం టైపు చేయించాడు. అనసూయమ్మ తల నిమిరి, "ఇంటి పరువు నీ చేతిలో ఉంది తల్లీ" అంది. తొమ్మిదేళ్లలో తల్లీ అనడం అదే.

చిక్కల్లా సంతకం దగ్గర వచ్చింది. రెన్యువళ్లు, స్టాకు కాగితాలు, బ్యాంకు, అన్నిటి మీదా ఇన్నేళ్లు దేవిక సంతకం హరీషే పెట్టాడు. ఇంగ్లీషులో, తోక తిప్పి, కింద రెండు గీతలు. "ఫైలంతా గిట్లనే ఉన్నది. నువ్వు వేరే తీరు పెడితే దొరికిపోతం" అని నోటుబుక్కు ముందు పెట్టి, పై వరుసలో నమూనా రాసిచ్చి, కింద దిద్దమన్నాడు. ఒకటో తరగతి పిల్లలా దేవిక తన పేరు తను దిద్దింది. తోక సరిగ్గా లేదన్నాడు. మళ్లీ దిద్దింది. నీకు నీ పేరు కూడా రాదా అని విసుక్కున్నాడు. అన్నం వార్చి వచ్చి దిద్దింది, బట్టలు ఆరేసి వచ్చి దిద్దింది. మూడో రోజుకు చెయ్యి నేర్చేసుకుంది. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తున్నా చెయ్యి తన పాటికి తను రాసుకుపోతోంది, అచ్చం హరీష్ రాసినట్టే. దేవిక ఉలిక్కిపడి పెన్ను వదిలేసింది. ఆ మణికట్టు తనదేనా అని పట్టుకు చూసుకుంది.

నోటీసులో రమ్మన్న రోజు శుక్రవారం. ఆ పొద్దున దేవిక ఒక్క మూరే కట్టింది. మిగతా రెండేవని అత్తగారడిగితే, లక్ష్మీదేవికి కావాలంటే మీరు కట్టండి, నా పటానికి మాత్రం వద్దు అంది. అనసూయమ్మ నోరు తెరిచి, కేసు రోజు గనక, మూసుకుంది.

వ్యవసాయాఫీసులో అధికారి కల్పన మేడం ముందు లావుపాటి ఫైలు ఉంది. హరీష్ కుర్చీ వెనక నిలబడి టైపు కాగితం టేబుల్ మీద పెట్టాడు. ముందు నోటీసు అందినట్టు సంతకం చేయమంది మేడం. దేవిక పెన్ను తీసుకుంది. చెయ్యి తోక తిప్పడానికి సిద్ధంగా ఉంది. దాన్ని ఆపి, నెమ్మదిగా, కాలేజీలో హాల్‌టికెట్ల మీద రాసినట్టు తెలుగులో రాసింది. దేవిక.

వెనకనుంచి హరీష్ చెయ్యి భుజం మీద పడింది. గట్టిగానే పడింది. "టెన్షన్ల ఉంది మేడం, ఇంకో కాపీ ఇయ్యండి" అన్నాడు. మేడం ఇవ్వలేదు. ఫైలు తిప్పడం మొదలుపెట్టింది. కాగితం తర్వాత కాగితం, అన్నిటి మీదా ఇంగ్లీషు, తోక, రెండు గీతలు. తిప్పుతూ తిప్పుతూ అడుగున ఉన్న మొట్టమొదటి దరఖాస్తు దగ్గర ఆగింది. పెళ్లయిన రెండో వారం కాగితం అది. హరీష్ మర్చిపోయిన కాగితం. దాని మీద తెలుగులో, కాస్త వంకరగా, దేవిక.

మేడం రెండు సంతకాలూ పక్కపక్కన పెట్టి చూసింది. తలెత్తి ఇద్దరివైపూ చూసింది.

"అసలు దేవిక ఎవరు?"

భుజం మీద చెయ్యి బిగిసింది. దేవిక దాన్ని తీసి పక్కకు పెట్టింది.

"నేనే మేడం, బతికే ఉన్నా. ఈ సంతకాలు నావి కావు. బాలమ్మ చేనుకు పోయిన గింజలు కలిపింది మాత్రం ఈ చేతులే. ఒక తెల్లకాగితం ఇవ్వండి, రెండూ నేనే రాస్తా."