గాలి మర

గొట్టం మధ్యలో ఉన్న రబ్బరు బుడ్డిని అతను పిడికిట్లో పట్టి పిసికాడు. మెత్తగా ఉన్నది మెల్లగా గట్టిపడింది. పెట్రోలు ఇంజన్ దాకా ఎక్కినట్టే. చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు. ఈదురుగాలికి ఆ ఉదయం రేవులో ఇంకెవరూ పడవ దించలేదు.

బయట లంగరేసిన ఓడలకు మంచినీళ్ల డబ్బాలు చేరవేయడం అతని పని. వయసంతా తెడ్డు వేశాడు. భుజం మొరాయించాక, ఎవరో వాడి వాడి వదిలించుకున్న మోటారు పడవ కొన్నాడు. రంగు ఊడిన ఇంజన్, విడిగా ఎర్ర ప్లాస్టిక్ ట్యాంకు. కొన్న రోజున మెకానిక్ ట్యాంకు మూత మీది చిన్న మర చూపించాడు.

"పెట్రోలు బయటికి పోయినంత మేరా గాలి లోపలికి రావాలి బాబాయ్. ఇది విప్పకుండా బయల్దేరావంటే కాసేపు బాగానే నడుస్తుంది. తర్వాత పీక నొక్కినట్టు ఆగిపోతుంది."

దొంగల భయానికి రాత్రిళ్లు ట్యాంకు వంటగదిలో ఉండేది. వాసనకు తల తిరుగుతోందని భార్య ఆ మర బిగించేది. బిగించిన మనిషే పొద్దున అతను గడప దాటగానే కేక పెట్టేది: "ఏమయ్యా, మర విప్పుకో!" వీధికంతా అదే మేలుకొలుపు. చివరికి రేవుకూ పాకింది.

"మర విప్పావా బావా? అక్కని పిలవమంటావా?"

నిన్న అందరూ నవ్వారు. అతను ఇంటికొచ్చి, చేతికందిన గిన్నె గోడకేసి కొట్టాడు.

"నాకే పడవ నేర్పుతావే? ఇంకోసారి ఆ మాట నీ నోట వినపడిందో..."

"వినపడదులే," అంది ఆమె.

అన్న మాట మీద నిలబడే మనిషి. ఈ ఉదయం అతను ట్యాంకు ఎత్తుకుంటుంటే, గిన్నె బోర్లించి సుత్తితో సొట్ట తీస్తూ కూర్చుంది. గడప దగ్గర అతను అక్కర్లేకపోయినా చెప్పులు సర్దుకున్నాడు. సుత్తి ఆగింది. మళ్లీ మొదలైంది.

రేవులో తాడు ఒక్క లాగుకే ఇంజన్ అందుకుంది. చూసేవాడు ఒక్కడూ లేడే అనుకున్నాడు.

ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్లు బురద రంగు తిరిగాయి. అక్కడే ఇంజన్ గొంతు సన్నబడింది. దగ్గింది. ఆగిపోయింది. అమ్మినవాణ్ణి తిట్టాడు. మెకానిక్‌ను తిట్టాడు. తాడు లాగాడు, లాగాడు. వంగి చూస్తే బుడ్డి పళ్లూడిన ముసలాడి బుగ్గలా లోపలికి పీక్కుపోయి ఉంది.

అతని చెయ్యి దానంతటదే మూత మీదికి పోయింది. మర తిప్పగానే ట్యాంకు హుస్సుమని గాలి పీల్చుకుంది. బుడ్డి పిసకసాగాడు. ఈలోగా పడవ అలలకు అడ్డం తిరిగింది. వెనక పెద్ద అల చప్పుడు పెరుగుతోంది. విన్నాడు. తల తిప్పలేదు. బుడ్డి ఇంకా గట్టిపడలేదు.

మధ్యాహ్నానికి అతని శవాన్ని మోసుకొచ్చారు. వెనకే ఒకడు ట్యాంకు తెచ్చాడు.

"మర విప్పే ఉందక్కా. బావ తప్పేం లేదు. ఆ మొగే పాడుది."

ఆమె చాలాసేపు ఆ మర వైపే చూసింది.

"నేను చెప్పకపోయినా విప్పుకున్నాడు," అంది.

సాయంత్రం జనం పలచబడ్డాక వంటగదిలోంచి పెట్రోలు వాసన వచ్చింది. లేచి వెళ్లి, రెండు వేళ్లతో మర బిగించి వచ్చింది. సొట్ట పూర్తిగా పోని గిన్నె పక్కన ఎర్ర ట్యాంకు ఉప్పు పొర కట్టి ఆరుతోంది.