మొదటి నాలుగు మెగాబైట్లు

హేమలత ఆ డిగ్రీ కాలేజీలో తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీద కంప్యూటర్ పాఠాలు చెబుతోంది. సొంతూరు బొబ్బిలి దగ్గర. కాలేజీ ఉన్న ఈ కొండల నడుమ లోయలో చలి ఆమెకు ఏనాడూ అలవాటు కాలేదు. ఏప్రిల్‌లో కూడా పొద్దున పూట స్వెట్టర్ వేసుకునే వచ్చేది. ఏటా మే నెలలో కాంట్రాక్టు కొత్తగా రాయాలి. రాస్తారో లేదో అన్న బెంగ ఫిబ్రవరి నుంచే పట్టుకునేది.

ఆమె దగ్గర చదివిన పిల్లల్లో వంతల స్వర్ణ లాంటి పిల్ల ఇంకొకతె లేదు. డుంబ్రిగుడ అవతల కొండమీద ఊరు. ఆశ్రమ పాఠశాలలో చదువుకుంది. మాట తక్కువ. మొదటి ఏడాదిలో ఒకరోజు ల్యాబ్‌లో అడిగింది.

“స్విచ్ ఏసినాక విండోస్ వచ్చే లోపల కాసేపు నల్ల తెర ఉంటాది కదా మేడం. అప్పుడు లోపల ఏటి జరుగుతాది?”

హేమలత తనకు తెలిసినంత చెప్పింది. తెలిసింది కొంచెమేనని మాత్రం చెప్పలేదు.

మూడో ఏడు ప్రాజెక్టు కోసం మిగతావాళ్లు హోటల్ బుకింగులూ లైబ్రరీ జాబితాలూ ఎంచుకుంటే, స్వర్ణ ఒక చిన్న కెర్నల్ రాస్తానంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం అది. ఎవరి ప్రోగ్రామూ అరువు తెచ్చుకోకుండా, ఖాళీ మెషిన్ మీద తనే మొదటి అక్షరం నుంచి రాయాలి. ల్యాబ్ మూలన పడేసిన పాత పెంటియం పెట్టెను అడిగి తీసుకుంది. కొత్త మెషిన్‌లో రాసి, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, పాతదానికి తగిలించి ఆన్ చేసేది. చేలల్లో పసుపుపచ్చటి వలిసెపూలు చూడ్డానికి టూరిస్టులు ఎగబడే నవంబరులో దాని తెరమీద మొదటి అక్షరం వచ్చింది.

తర్వాత వర్చువల్ మెమరీ దగ్గర ఆగిపోయింది. ప్రోగ్రాం వాడుకునే చిరునామా ఒకటి, మెమరీలో ఆ వస్తువు నిజంగా ఉండే చోటు ఇంకొకటి. ఏ చిరునామా ఏ చోటికి వెళ్లాలో చెప్పే పట్టికలను కెర్నల్ ముందే రాసి పెట్టాలి. ఆ తర్వాత ఒక్క బిట్ మార్చి పేజింగ్ ఆన్ చేస్తే, ఆ క్షణం నుంచి ప్రాసెసర్ ఆ పట్టికను తప్ప దేన్నీ నమ్మదు. పట్టికలో ఎక్కడ తప్పు పడినా, అదేమిటో చెప్పకుండా మెషిన్ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. జనవరి అంతా, ఫిబ్రవరి అంతా అది అలా మొదలవుతూనే ఉంది. చివరి సర్వీసు జీపు వేళయ్యేదాకా స్వర్ణ దాని ముందే కూచునేది.

మార్చిలో ఒక మధ్యాహ్నం క్లాసు గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చి, “మేడం, బేగి రండి,” అంది.

హేమలత వెళ్లి చూసింది. పాత తెరమీద పేజింగ్ ఆన్ అయిందని ఒక తెల్ల వరస. దాని కింద కర్సర్ నిలకడగా మిణుకుతోంది. మెషిన్ మళ్లీ మొదలవలేదు. స్వర్ణ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. ఆమె కళ్లలో నీళ్లు చూసి హేమలత భుజం మీద చెయ్యి వేసింది.

ఏప్రిల్ మూడో వారంలో వైవా. బయటి పరీక్షకుడిగా సర్వేశ్వరరావు వస్తారని తెలిసింది. పెద్ద ప్రొఫెసర్. కాంట్రాక్టు లెక్చరర్లను కొనసాగించాలో వద్దో చూసే కమిటీలో కూడా ఉన్నాడు. ఆ పొద్దున హేమలత స్వర్ణ ప్రోగ్రామును ఇంకోసారి తిరగేసింది. పట్టికలో ఒకచోట ఆమె కన్ను ఆగింది.

“ఈ మొదటి నాలుగు మెగాబైట్లే రెండు చోట్ల రాశావేమిటి స్వర్ణా? కింద ఒకసారి, పైన మూడు గిగాబైట్ల దగ్గర ఒకసారి.”

“అవి రెండూ ఉండాలి మేడం.”

“కెర్నల్ ఉండేది పైనే అని పుస్తకంలో స్పష్టంగా ఉంది. ఒకే సంగతి రెండుసార్లు రాస్తే సార్ తప్పు పడతారు. కింది వరస తీసెయ్.”

“తీసెత్తే పడిపోతాదేమో మేడం. కొంచెం సూసి...”

“నేను చెబుతున్నాను కదా.”

స్వర్ణ ఆ వరస తీసేసి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించింది. ఒకసారి నడిపి చూసుకుందామనేలోపే కరెంటు పోయింది. వచ్చేసరికి సర్వేశ్వరరావు కారు గేటు దాటింది.

ఆయన ఆరుగురిని అరగంటలో ముగించాడు. స్వర్ణ వంతు వచ్చింది. ఆమె పెట్టె ఆన్ చేసింది. తెరమీద రెండు వరసలు పడ్డాయి, మాయమయ్యాయి. మెషిన్ బీప్‌మని మళ్లీ మొదలైంది. రెండు వరసలు, బీప్. మళ్లీ రెండు వరసలు, బీప్.

“ఇదేనా?” అన్నాడు సర్వేశ్వరరావు.

“ఒక్క లైను సార్. పది నిమిషాలిత్తే మార్సి సూపిత్తాను. మొన్నటిదాకా బాగానే నడిసింది.”

“మొన్నటి సంగతి నాకెందుకు? అసలిది నువ్వు రాసిందేనా? బీఎస్సీ పిల్లలు పేజింగ్ రాయడం నేనెక్కడా చూడలేదు. ఇంటర్నెట్‌లో దించుకున్నది అర్థం కాకపోతే ఇలాగే ఉంటుంది.” ఆయన హేమలత వైపు తిరిగాడు. “నడిచిందంటోంది. గైడు మీరే కదా. మీరు చూశారా?”

తీయించిన వరస వల్లే పడిపోయిందేమోనని హేమలతకు అప్పటికే అనుమానం తగిలింది. చూశానంటే, మరి ఇప్పుడెందుకు నడవడం లేదని అడుగుతాడు. తీయించింది తనేనని చెప్పాలి. తొమ్మిదేళ్లుగా చెబుతున్న పాఠం తనకు రాదని ఆయన ముందు తేలిపోతుంది.

“పూర్తిగా చూడలేదు సార్,” అంది.

స్వర్ణ తలతిప్పి ఆమె వైపు ఒక్కసారి చూసింది. తర్వాత వంగి, మెషిన్ స్విచ్ ఆపేసింది.

మే నెలలో హేమలత కాంట్రాక్టు ఇంకో ఏడాదికి రాశారు. జూన్‌లో ఫలితాలొచ్చాయి. స్వర్ణ అన్ని పేపర్లూ మొదటి తరగతిలో పాసై, ప్రాజెక్టులో తప్పింది. ఎంసీఏ ప్రవేశ పరీక్షలో ఆమెకు మంచి ర్యాంకే వచ్చింది గానీ, డిగ్రీ పాసైన కాగితం లేకుండా కౌన్సెలింగ్‌కి రానివ్వరు. సప్లిమెంటరీ మళ్లీ నవంబరులోనే. ఆ పిల్ల తెలివైంది, వచ్చే ఏడు చేరుతుందిలే అని హేమలత తనకు తానే చెప్పుకుంది.

ఆగస్టులో స్టాఫ్ రూం బీరువా సర్దుతుంటే పాత ప్రాజెక్టు రికార్డులు బయటపడ్డాయి. హేమలత వాటిలోంచి స్వర్ణ రికార్డు తీసి తెరిచింది. నలభై ఒకటో పేజీలో పెన్సిల్‌తో గీసిన బొమ్మ ఉంది. పైన ఒక గడి, కింద ఒక గడి, రెండిటి నుంచీ బాణాలు ఒకే చోటికి. కింద గుండ్రటి అక్షరాలతో కారణం రాసి ఉంది. పేజింగ్ ఆన్ చేసే ఆజ్ఞ నడిచేది కింది చిరునామాలో. ఆన్ అయిన వెంటనే ప్రాసెసర్ తర్వాతి ఆజ్ఞను కూడా అక్కడే వెతుక్కుంటుంది. పట్టికలో ఆ చోటు లేకపోతే అక్కడికక్కడే కూలిపోతుంది. అందుకని కెర్నల్ పైచిరునామాకి దూకేదాకా కింది వరస ఉండి తీరాలి. దూకాక తీసెయ్యవచ్చు.

పేజీ అడుగున ఆకుపచ్చ సిరాతో హేమలత సంతకం ఉంది. ఒక్క పేజీ కూడా చదవకుండా ఆమె అన్నిటిమీదా ఒకే రోజు సంతకాలు పెట్టింది.

ల్యాబ్‌కి వెళ్లి, అక్కడే ఉండిపోయిన స్వర్ణ ప్రోగ్రాములో ఆ వరసను తిరిగి రాసింది. పాత పెట్టె ఆన్ చేసింది. నడిచింది. ఆపేసి ఇంకోసారి ఆన్ చేసింది. మళ్లీ నడిచింది.

ఆదివారం జీపెక్కి వెళ్లింది. దిగిన చోటి నుంచి రెండు మైళ్లు నడక. సన్నటి వాన, ముందు పది అడుగులు కనపడనంత పొగమంచు. ఇల్లు దొరికేసరికి చీర మోకాళ్లదాకా తడిసిపోయింది. స్వర్ణ తల్లి ముత్యాలమ్మ అరుగుమీద పసుపు కొమ్ములు ఏరుతోంది.

“మా స్వర్ణ గుంట సేలో ఉంది టీచరమ్మా. రేపు బుధవారం ఎల్లిపోతాది.”

“ఎక్కడికి?”

“అరవదేశం. నూలు మిల్లు. ఊళ్లో గుంటలు అయిదుగురు ఎల్తన్నారు.”

చోడి చేలో స్వర్ణ తలమీద పాలిథిన్ కవరు కప్పుకుని కలుపు తీస్తోంది. హేమలతను చూసి లేచి నిలబడింది. చేతుల మట్టి లంగాకి తుడుచుకుంది.

“మీరేటి మేడం, ఈ వానలో?”

“ఆ కింది వరస... నేను తీయించినదే. దానివల్లే పడిపోయింది. మొన్న నీ రికార్డు చదివాకే నాకు అర్థమైంది.”

“నాకు అప్పుడే తెలిసింది మేడం. తెర ఆరిపోగానే.”

“మరి నేనే తీయించానని సార్‌తో ఎందుకు చెప్పలేదు?”

స్వర్ణ పీకిన కలుపు మొక్క వేళ్లకున్న మట్టి దులిపింది.

“మీరు సెప్తారనుకున్నాను,” అంది.

గొంతులో కోపం లేదు. హేమలతకు అదే భరించలేనిదిగా అనిపించింది. క్షమించమని అడగబోయి, ఆ మాట తన నోట ఎంత చవకగా ఉంటుందో తోచి ఆగిపోయింది. యూనివర్సిటీకి రాస్తాననీ, జరిగింది జరిగినట్టు చెబుతాననీ, మిల్లుకి వెళ్లవద్దనీ అంది.

“నాన్న సచ్చిపోనారు మేడం, జూన్‌లో. జ్వరం,” అంది స్వర్ణ. “తమ్ముళ్లిద్దరు ఉన్నారు. నేను ఎల్లాల.”

హేమలతకు ఆ సంగతి తెలియదు. తెలుసుకునే ప్రయత్నం చేయలేదు కూడా.  చివరికి స్వర్ణే, “జీపు ఎల్లిపోతాది మేడం, బేగి దిగండి,” అని చేను గట్టుదాకా వచ్చి దారి చూపింది.

మర్నాడు హేమలత ఉత్తరం రాసి ప్రిన్సిపాల్ వెంకటరమణకి ఇచ్చింది. తన సలహా వల్లే ప్రోగ్రాం చెడిపోయిందనీ, నడవడం చూసి కూడా చూడలేదని అబద్ధం చెప్పాననీ అందులో ఉంది. ఆయన చదివి కళ్లద్దాలు తీశాడు.

“అయిపోయినదాన్ని ఇప్పుడు తవ్వడం ఎందుకమ్మా? మీకే నష్టం. తీసుకెళ్లండి.”

“పంపించండి సార్.”

పంపించాడు. నెలన్నరకి రెండు వాక్యాల జవాబు వచ్చింది. ప్రకటించిన ఫలితాలను మార్చే వీలు లేదు. అభ్యర్థిని నవంబరు సప్లిమెంటరీకి హాజరు కావచ్చు. హేమలత గురించి అందులో ఒక్క మాట కూడా లేదు. ఎవరూ ఆమెను పిలవలేదు, అడగలేదు. ఏదో ఒక శిక్ష పడుతుందని ఎదురుచూసిన మనిషికి అది ఇంకా బరువైంది.

ముత్యాలమ్మను అడిగి మిల్లు హాస్టల్ నంబరు తీసుకుంది. ఆదివారాలే పిల్లలకి ఫోను ఇస్తారు. మూడో వారానికి స్వర్ణ దొరికింది.

“నవంబరు పద్దెనిమిదిన వైవా. ఒక్కరోజు చాలు స్వర్ణా. మెషిన్ అంతా నేను సిద్ధం చేసి ఉంచుతాను.”

“ఏడాది నిండకుండా సెలవివ్వరంట మేడం. మళ్లీ అడుగుతాను.” దగ్గు వచ్చి ఆగింది. “ఇక్కడ దూది గాల్లో ఎగురుతాది. గొంతు పడతాది.”

పద్దెనిమిదో తారీఖున పరీక్షకుడిగా వేరే మనిషి వచ్చాడు. నెమ్మదస్తుడు. స్వర్ణ పేరు రెండుసార్లు పిలిచాడు. దూరం నుంచి రావాలని హేమలత చెబితే, సరేనని మధ్యాహ్నం రెండు దాకా కూచున్నాడు. వైజాగ్ రైలుకి వేళవుతోందని అప్పుడు లేచాడు. హాజరు పట్టీ నింపవలసింది గైడే. వంతల స్వర్ణ పేరుకి ఎదురుగా గైరుహాజరు అని రాసి, హేమలత కింద సంతకం పెట్టింది.