ఖాళీ దిమ్మలో పన్నెండు బిళ్ళలు

మా ఇంట్లో డిగ్రీ చేసింది నేనే మొదట. నాన్నకి పాడి ఆవులు తప్ప వేరే లోకం లేదు. డచ్చి సీమలో, ఫ్రీస్‌లాండ్‌లోని ఈ ఆసుపత్రిలో చేరిన మూడో నెలలో, గుండె ఎక్స్‌రే గది బాగుందో లేదో తేల్చి సంతకం చేసే పని మొదటిసారి నా ఒక్కదాని మీదే పడింది. పోయిన వారం యంత్రానికి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. మర్నాడు ఆరుగురు రోగులున్నారు. నేను కాదంటే వాళ్ళను వేరే ఊరికి పంపాలి.

పరీక్ష చిన్నదే. ఛాతీ మందమున్న ప్లాస్టిక్ దిమ్మ మధ్యలో ఒక పలక పెడతాం. పలకలో ఒకదానికంటే ఒకటి మసకగా ఉండే బిళ్ళలుంటాయి. తక్కువ ఎక్స్‌రేతో తెర మీద కనీసం పదకొండు కనబడితేనే, రక్తనాళంలో వెంట్రుకంత తీగ డాక్టరుకి కనబడుతుంది.

నాకు తొమ్మిదే కనిపించాయి.

"పన్నెండు," అన్నాడు వీబె. పంతొమ్మిదేళ్ళుగా ఆ గది సాంకేతిక పనులన్నీ చూసే మనిషి. "కళ్ళద్దాలు తుడుచుకో, సీత్స్కె. ఇదుగో పది, ఇదుగో పదకొండు, ఆ మూలన పన్నెండు."

అతను వేలు పెట్టిన చోటల్లా నాకూ కనిపించింది. కలం తీశాను.

"రికార్డుకి శుభ్రమైన బొమ్మ ఇంకోటి తియ్యి. పలక మీద నీ వేలి ముద్రలున్నాయి, అవీ తుడిచెయ్యి."

పలక తీసి తుడిచాను. ఎక్స్‌రే తగలకుండా సీసపు కోటు తొడుక్కుని, మళ్ళీ బొమ్మ తీశాను. వీబె తెర దగ్గరికి వంగి, తీరిగ్గా లెక్కపెట్టాడు.

"పన్నెండు. రాసుకో."

రాయడానికి కూర్చోబోయాను. కుర్చీలో పలక ఉంది.

పలక ఎత్తి చూపించాను. వీబె దాన్ని చూశాడు, తెరను చూశాడు, మళ్ళీ దాన్ని చూశాడు.

"మరి నేను లెక్కపెట్టింది ఏంటమ్మాయ్?"

"మీకు కంఠతా వచ్చినదాన్నండి. నాదీ అదే తప్పు. మీరు చూపించాకే నాకు కనిపించాయి."

వీబె మీసాల్లోంచి నవ్వు మొదలై భుజాలదాకా పాకింది. "పంతొమ్మిదేళ్ళు! దిమ్మ ఎందుకు, గోడ పెట్టినా పన్నెండు చెప్పేవాణ్ణి!"

పలక ఎరుగని కళ్ళు కావాలి. అప్పుడే కాఫీ బండి తోసుకుంటూ బౌక్యె వచ్చింది. పలకను దిమ్మలో తలకిందులుగా పెట్టి, మళ్ళీ బొమ్మ తీసి, ఆమెను తెర ముందు కూర్చోబెట్టాను.

"ఈయన పన్నెండు చూశాడట, అదీ పలక లేకుండా," అన్నాను.

"నా పళ్ళెంలోంచి రెండు బిస్కెట్లు తీసుకుని ఒకటే అంటాడు. ఇక్కడ లేనివి కూడా కనిపించాయా!"

"మాట్లాడకుండా లెక్కపెట్టవే," అన్నాడు వీబె.

"తొమ్మిది. ఆ పక్కన ఏదో ఉన్నట్టుంది... లేదు, అబద్ధమెందుకు. తొమ్మిదే."

కాగితం మీద తొమ్మిది రాశాను. రోగులందరికీ ఫోన్ చేసి, రేపు రావాలో వద్దో సాయంత్రం చెబుతానన్నాను. వీబె తనే ఇంజినీరుకి ఫోన్ చేశాడు. ఆయన మధ్యాహ్నం వచ్చి వెతికితే తెలిసింది: కొత్త సాఫ్ట్‌వేర్‌లో గుండె బొమ్మల అమరికకు బదులు పొట్ట బొమ్మల అమరిక పడి ఉంది. సరిచేశారు.

ఈసారి పలకను పక్కకు తిప్పి పెట్టి బొమ్మ తీశాను. వీబె చెప్పకుండానే గోడవైపు తిరిగి నిలబడ్డాడు. బౌక్యె ఒక్కొక్కటే వేలితో తాకుతూ వెళ్ళింది.

"తొమ్మిది... పది... ఇది మసగ్గా ఉంది గానీ ఉంది. పదకొండు. అంతే."

"ఇంకోటి చూడవే!" అన్నాడు వీబె గోడతో.

"లేనిదాన్ని ఎక్కడ చూడను?"

పదకొండు చాలు. సంతకం పెట్టి, మొదటి రోగికి ఫోన్ చేశాను.

"గది సిద్ధమండి. ఉదయం ఎనిమిదికి రండి. ఏమీ తినకండి."

"రొట్టె ముక్క కూడానా?"

"రొట్టె ముక్క కూడా."

"చీజ్?" అన్నాడాయన ఆశగా.